నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువైతే: చెన్నైలో ఉన్న తెలుగు ఆడవాళ్ళు ఇంటి వైద్యం ఎలా చేసుకోవాలి

అరటిపువ్వు కూర తినమని అమ్మ ఫోన్‌లో చెబుతుంది. ధనియాల కషాయం తాగమని అత్తగారు. అశోకారిష్టం (అశోక చెక్కతో చేసే ఆయుర్వేద మందు) రెండు సీసాలు వాడితే అదే కుదురుకుంటుందని కింద ఫ్లాట్ ఆవిడ. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఏదో మాత్ర పేరు వాట్సాప్‌లో పంపిస్తుంది. అందరూ మన మంచి కోరే చెబుతారు. కానీ ఏది ఎంత తీసుకోవాలి, ఎన్ని రోజులు తీసుకోవాలి, ఎవరు తీసుకోకూడదు, ఎప్పుడు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి అన్నది ఎవరూ చెప్పరు. ఇక్కడ అవే చెబుతాను.

ఇంటి వైద్యం చేసుకోండి, అందులో తప్పేమీ లేదు. కానీ లెక్క రాసుకుంటూ చేసుకోండి. ఎంత రక్తం పోతోందో తెలియకుండా తాగిన కషాయం పనిచేసిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఈ నెల కాస్త తగ్గినట్టుంది, పోయిన నెల ఎక్కువైనట్టుంది అనుకుంటూనే ఏళ్ళు గడుస్తాయి. ఈలోగా హిమోగ్లోబిన్ ఎనిమిదికి దిగిపోతుంది.

ముందు లెక్క

మామూలుగా ఒక నెలసరిలో 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 దాటితే, లేదా ఏడు రోజులకు మించి సాగితే ఎక్కువ కిందే లెక్క. రక్తాన్ని ఎవరూ గ్లాసుతో కొలవరు కాబట్టి 1990లో బ్రిటన్ డాక్టర్లు ప్యాడ్లు చూసి మార్కులు వేసే పద్ధతి ఒకటి తయారుచేశారు. పెన్ను, చిన్న నోట్‌బుక్ ఉంటే చాలు.

ప్యాడ్ మార్చిన ప్రతిసారీ ఒక అంకె వేయండి. కొద్దిగా మరక మాత్రమే ఉంటే 1. ఓ మోస్తరుగా తడిస్తే 5. మొత్తం తడిసిపోతే 20. చిన్న గడ్డ పడితే 1, పెద్ద గడ్డ పడితే 5. ఒక్కసారిగా పొంగి బట్టలు పాడైతే ఇంకో 5. నెలసరి అయ్యాక అన్నీ కూడండి. 100 దాటితే మీ బ్లీడింగ్ నిజంగానే ఎక్కువ. రెండో రోజు ఒక్కరోజే నాలుగు ప్యాడ్లు పూర్తిగా తడిస్తే 80 అక్కడే అయిపోయింది, మిగతా రోజులు కలిపితే వంద ఎప్పుడో దాటేస్తుంది. ఈ లెక్క నిలవాలంటే ప్రతి నెలా ఒకే కంపెనీ, ఒకే సైజు ప్యాడ్ వాడాలి. ఒక నెల మామూలువి, ఇంకో నెల ఎక్స్‌ఎల్ వాడితే అంకెలు కలవవు. మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్ళకు ఇంకా సులువు. చాలా కప్పుల మీద మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి, అది చూసి రాసుకుంటే సరిపోతుంది.

అంకెలతో పాటు మూడు విషయాలు రాయండి. రాత్రి ప్యాడ్ మార్చుకోవడానికి లేవాల్సి వచ్చిందా? పది రూపాయల బిళ్ళంత గడ్డలు పడ్డాయా? ఆ రోజు లోకల్ ట్రెయిన్ ఎక్కడానికి, ఆఫీసుకు వెళ్ళడానికి భయపడ్డారా? మూడోది మామూలు సంగతిలా కనిపిస్తుంది కానీ డాక్టర్లు దాన్నీ అడుగుతారు. మీ రోజువారీ పనులు ఆగిపోతున్నాయంటే అంకె ఎంతైనా సరే, వైద్యం కావాల్సిన సమస్యే.

కషాయం జోలికి అసలు వెళ్ళకూడనివాళ్ళు

గంటకో ప్యాడ్ పూర్తిగా తడుస్తూ వరుసగా రెండు గంటలు గడిస్తే పొయ్యి మీద ఏమీ పెట్టకండి, ఆసుపత్రికి వెళ్ళండి. లేస్తే కళ్ళు తిరగడం, గుండె దడ, ఊపిరి అందకపోవడం ఉన్నా అంతే. తోడు ఎవరూ లేకపోతే 108కి ఫోన్ చేయండి.

నెల తప్పి, ఆలస్యంగా వచ్చి, ఎక్కువగా పోతుంటే ముందు మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ కిట్ కొని చూసుకోండి. అది అబార్షన్ కావచ్చు, గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు. పెళ్ళైనవాళ్ళు, కానివాళ్ళు అన్న తేడా లేకుండా ఈ పరీక్ష చేసుకోవాలి. సిగ్గుపడి ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

నెలసరి నిలిచిపోయి ఏడాది దాటాక మళ్ళీ ఒక్క చుక్క కనపడినా, రెండు నెలసరుల మధ్యలో గానీ భార్యాభర్తలు కలిసిన తర్వాత గానీ రక్తం వస్తున్నా, నలభై ఐదేళ్ళు దాటాక కొత్తగా ఎక్కువైనా మూలికలతో కాలయాపన చేయకండి. వీటిలో కొన్ని క్యాన్సర్‌కు తొలి గుర్తులు. తొందరగా తెలిస్తే నయమవుతుంది.

వయసుకు వచ్చిన కొత్తలోనే పాపకు విపరీతంగా పోతుంటే ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి కూడా రక్తం వస్తుందా, చిన్న దెబ్బకే కమిలిపోతుందా అని చూడండి. రక్తం గడ్డకట్టే గుణం పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలు ఉంటారు. అలాంటి పాపకు ఎన్ని కషాయాలు పోసినా లాభం ఉండదు, దానికి వేరే మందులున్నాయి.

రెండో పని: రక్తపరీక్ష

ల్యాబ్‌లో సీబీసీ, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ అని మూడు అడగండి. మొదటిది హిమోగ్లోబిన్ చెబుతుంది. గర్భిణి కాని ఆడవాళ్ళకు 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. రెండోది ఒంట్లో ఐరన్ నిల్వ. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటిపోయినవాళ్ళు చాలామంది. జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం, ఊరికే చిరాకు అన్నీ దాని వల్లే ఉండవచ్చు. మూడోది థైరాయిడ్. థైరాయిడ్ తక్కువ పనిచేస్తే బ్లీడింగ్ పెరుగుతుంది, థైరాయిడ్ మాత్ర ఒక్కదానితోనే నెలసరి దారికొచ్చినవాళ్ళు ఉన్నారు.

డాక్టర్ చెబితే పొట్ట స్కానింగ్ కూడా. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని కండ గడ్డలు), పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ), గోడ వాపు ఉంటే అందులో తెలుస్తాయి. కాపర్‌టీ వేయించుకున్నవాళ్ళకు అదే కారణం కావచ్చు. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్ళకు రెండు మూడు నెలలు రాక, ఒకేసారి వరదలా వస్తుంది. కారణం ఇన్ని రకాలు కాబట్టే పక్కింటి ఆవిడకు పనిచేసింది మీకు పనిచేయకపోవచ్చు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే చాలామంది ఉన్నదే తక్కువ రక్తంతో ప్రతి నెలా ఇంత పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ పరీక్ష వాయిదా వేయవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఇంటి వైద్యం

కారణం ప్రమాదకరమైనది కాదని తెలిశాక ఇవి మొదలుపెట్టండి. ఒకసారికి ఒకటే. నాలుగూ కలిపి వాడితే దేని వల్ల తగ్గిందో, దేని వల్ల కడుపు పట్టేసిందో తెలియదు.

నేనైతే మొదట శొంఠి అంటాను, ఎందుకంటే దీనికి కాస్తయినా రుజువు ఉంది. 2015లో ఇరాన్ పరిశోధకులు బ్లీడింగ్ ఎక్కువగా ఉన్న 92 మంది అమ్మాయిల మీద చేసిన అధ్యయనం వెలువడింది. సగం మందికి శొంఠి పొడి, మిగతావాళ్ళకు మందు లేని ఉత్త గుళికలు ఇస్తే శొంఠి తీసుకున్నవాళ్ళలో బ్లీడింగ్ బాగా తగ్గింది. పూటకు 250 మిల్లీగ్రాములు, రోజుకు మూడు పూటలు, నెలసరికి ముందు రోజు నుంచి మూడో రోజు దాకా. అది ఒక్క చిన్న అధ్యయనం, దాన్నే నమ్ముకుని మిగతావన్నీ మానేయమని కాదు. ఇంట్లో చేయాలంటే శొంఠి కొమ్ము దంచి జల్లించి సీసాలో పెట్టుకోండి. రోజు మొత్తానికి అర టీస్పూన్ కన్నా తక్కువే సరిపోతుంది, దాన్ని మూడు భాగాలు చేసి భోజనం తర్వాత గోరువెచ్చని నీళ్ళతో తీసుకోండి. ఎసిడిటీ, అల్సర్ ఉన్నవాళ్ళు వద్దు. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళు కూడా డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టవద్దు.

చెన్నైలో ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ సుక్కు మల్లి కాపీ అని అమ్ముతారు, అందులో కాఫీ పొడి ఉండదు. శొంఠి, ధనియాలు, కాస్త మిరియాలు, తాటిబెల్లం వేసి మరిగిస్తారు. మన ఇళ్ళలో చెప్పే ధనియాల కషాయం, శొంఠి రెండూ ఒకే గ్లాసులో వచ్చేసినట్టే. పొడి ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, కొనేముందు చక్కెర కలిపారేమో వెనక చదవండి. ధనియాలు ఒక్కటే కావాలంటే పెద్ద చెంచాడు ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్ళలో వేసి ఒక గ్లాసు మిగిలేదాకా సన్న మంట మీద మరిగించి, వడకట్టి, పటికబెల్లం వేసుకుని రోజుకు రెండుసార్లుగా తాగండి. ధనియాలు బ్లీడింగ్ ఆపుతాయని శాస్త్రీయంగా రుజువు లేదు. కానీ హాని లేదు, ఒంట్లోకి నీళ్ళు వెళ్తాయి, చెన్నై ఎండలో ఆ రోజుల్లో అదే పెద్ద మేలు. షుగర్ ఉన్నవాళ్ళు బెల్లం మానేయండి.

అరటిపువ్వు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది అది ఒలవడానికే భయపడి మానేస్తారు. కోయంబేడులోనే కాదు, పేటల్లో తోపుడు బండి మీద కూడా దొరుకుతుంది, వాళైప్పూ అని అడగండి. పైన డొప్పలు గట్టిగా, మెరుస్తూ ఉన్నది చూసుకోండి. చేతులకు నూనె రాసుకోండి, లేకపోతే జిగురు నల్లగా పట్టేసి మూడు రోజులు వదలదు. ఒక్కో ఎర్ర డొప్ప ఊడదీస్తే లోపల వరసగా లేత పువ్వులు ఉంటాయి. ఒక్కో పువ్వు విప్పి చూస్తే మధ్యలో తల గుండ్రంగా ఉన్న గట్టి కాడ ఒకటి, కింద పల్చటి అట్టలాంటి చిన్న రేకు ఒకటి కనపడతాయి. ఆ రెండూ ఎంత ఉడికించినా ఉడకవు, వాటిని తీసేయాలి. లోపలికి పోయేకొద్దీ పువ్వులు తెల్లగా, చిన్నగా అవుతాయి, ఆ లేత మొగ్గకు తీసేది ఏమీ ఉండదు, అలాగే తరిగేయవచ్చు. తరిగినవి తరిగినట్టు పలచని మజ్జిగలో వేయండి, నల్లబడవు, వగరూ తగ్గుతుంది. తర్వాత పసుపు వేసి ఉడికించి, నీళ్ళు పిండి, పెసరపప్పు వేసో ఆవపెట్టో కూర చేసుకోండి. నెలసరి రోజుల్లో ఉడికించిన పువ్వు పెరుగుతో కలిపి తినమని ఇటు తమిళులూ అటు మనవాళ్ళూ తరతరాలుగా చెబుతున్నారు. మందుగా దీని బలం ఎంతో గట్టి రుజువు లేదు, కానీ మంచి పీచు ఉన్న కూర, వారంలో రెండుసార్లు తిన్నా మంచిదే.

దానిమ్మ తొక్క వగరు. ఎండబెట్టి పొడి చేసి అర చెంచా మజ్జిగలో కలిపి రెండు మూడు రోజులు తాగుతారు. మలబద్ధకం ఉన్నవాళ్ళకు ఇది నప్పదు. ఆ వగరే ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కాబట్టి ఐరన్ మాత్ర వేసుకునే పూట వద్దు. దానిమ్మ చెట్టు వేరు బెరడు మాత్రం ఎవరు చెప్పినా వాడకండి, అందులో విషం ఉంది.

అశోక చెక్క: ఇక్కడే మోసపోతారు

నెలసరి మందు అనగానే ఆయుర్వేదంలో ముందు వచ్చే పేరు అశోక. కానీ అపార్ట్‌మెంట్ల ప్రహరీ పక్కన, స్కూళ్ళ ముందు నిటారుగా వరసగా పెరిగే చెట్టును కూడా మనం అశోక చెట్టు అనేస్తాం. అది నరమామిడి, తమిళులు నెట్టిలింగం అంటారు. మందు చెట్టు అది కాదు. అసలు అశోక గుబురుగా పెరుగుతుంది, నారింజ, ఎరుపు రంగుల్లో పువ్వులు గుత్తులు గుత్తులుగా కొమ్మలకు అంటుకుని పూస్తాయి, లేత ఆకులు రాగిరంగులో కిందికి వేలాడుతుంటాయి. ఆ చెట్లు తగ్గిపోవడంతో బజార్లో అశోక చెక్క పేరుతో నరమామిడి చెక్క కలిపి అమ్మడం మామూలైపోయింది. మీ కాలనీ చెట్టు బెరడు గీకి మరిగించే పని మాత్రం దయచేసి చేయకండి.

పార్క్ టౌన్‌లో రాసప్ప చెట్టి వీధి నాటు మందు దుకాణాలకు పేరు. అక్కడికి వెళ్ళి "అణ్ణా, అసోక పట్టై ఇరుక్కా?" అంటే ఇస్తారు. కానీ ఎండిన చెక్కను చూసి అసలుదో కాదో మీరూ నేనూ చెప్పలేం. అందుకే విడి చెక్క కన్నా లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అచ్చువేసిన అశోకారిష్టం సీసా మేలు. అంతకన్నా మేలు, అరుంబాక్కంలోని అణ్ణా ప్రభుత్వ భారతీయ వైద్య ఆసుపత్రికి గానీ, తాంబరం శానటోరియంలోని జాతీయ సిద్ధ వైద్య (తమిళుల సంప్రదాయ వైద్యం) సంస్థకు గానీ వెళ్ళి చూపించుకోవడం. చదువుకున్న వైద్యులు నాడి చూసి, రిపోర్టులు చూసి, మందు వాళ్ళే ఇస్తారు. మీ ల్యాబ్ కాగితాలు తీసుకెళ్ళండి. లొద్దుగ చెక్క, పుష్యానుగ చూర్ణం లాంటి ఆయుర్వేద మందులు అక్కడి వైద్యులు చెబితేనే వాడాలి.

అశోకారిష్టం మామూలు మోతాదు 12 నుంచి 24 మిల్లీలీటర్లు. అంతే నీళ్ళు కలిపి, భోజనం అయ్యాక, రోజుకు రెండుసార్లు. ఇందులో పులియడం వల్ల వచ్చిన ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, బెల్లం కూడా ఉంటుంది. షుగర్, లివర్ సమస్య ఉన్నవాళ్ళు, గర్భం నిలిచే అవకాశం ఉన్నవాళ్ళు, హార్మోన్ మాత్రలు వాడుతున్నవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు అడగకుండా తాగవద్దు.

పేరు లేని పొట్లాలు, "ఇది మా తాతల నాటి రహస్యం" అని ఇచ్చే నల్లటి పొడులు, భస్మాలు అసలు ముట్టుకోకండి. అలాంటి వాటిలో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలు ఉన్నాయి. సీసం తనంతట తానే రక్తహీనత తెస్తుంది. రక్తం పోతోందని వాడిన పొడి ఉన్న రక్తాన్నీ తినేస్తే ఎలా?

నొప్పికి ఆస్పిరిన్ వేసుకునే అలవాటు ఉంటే మానండి, అది బ్లీడింగ్ పెంచుతుంది. దాల్చినచెక్క చెంచాలు చెంచాలు తినమనే వీడియోలు వదిలేయండి, బజార్లో దొరికే రకం ఎక్కువైతే కాలేయానికి చెరుపు.

పోయిన రక్తాన్ని తిరిగి పట్టుకోవడం

అసలు బాగుపడేది ఇక్కడే. కషాయం బ్లీడింగ్‌ను కొంత తగ్గించినా, ఇప్పటికే ఖాళీ అయిన ఐరన్‌ను అది నింపలేదు. మునగాకు, తోటకూర, రాగులు, నువ్వులు, శనగలు తినండి. మాంసం తినేవాళ్ళకు కాలేయం, మటన్ ఇంకా బాగా పడతాయి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే, పక్కన ఉసిరికాయ ఉంటే అందులోని ఐరన్ ఎక్కువగా ఒంటికి పడుతుంది.

చెన్నైలో కష్టమైన సలహా ఒకటి ఉంది. టిఫిన్‌తో పాటు ఫిల్టర్ కాఫీ వద్దు. భోజనానికి ముందూ వెనకా గంట ఎడం ఇవ్వండి. కాఫీ, టీ ఐరన్‌ను అడ్డుకుంటాయి, పాలు కూడా. కాఫీ మానమనడం లేదు, పదిన్నరకో నాలుగుకో తాగండి.

ఫెరిటిన్ బాగా తక్కువగా ఉంటే తిండితో నిండదు, మాత్ర తప్పదు. డాక్టర్ చెప్పిన మోతాదులో నిమ్మరసంతో వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకండి. కడుపులో తిప్పితే మానేయకుండా డాక్టర్‌కి చెప్పండి, రోజు విడిచి రోజు వేసుకోమని మారుస్తారు, అలా కూడా బాగా పడుతుంది.

మూడు నెలలయ్యాక

నోట్‌బుక్ తెరవండి. మొదలుపెట్టకముందు 180 ఉన్న అంకె 110కి వచ్చిందా? మంచిది, కొనసాగించండి. 180 నుంచి 170 అయిందా? ఆ మూలిక మీకు పనిచేయలేదు. ఇంకో మూడు నెలలు, ఇంకో మూలిక అని పొడిగించుకుంటూ పోవద్దు, గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి.

ఎగ్మోర్‌లో 1844 నాటి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, ట్రిప్లికేన్‌లో పాతవాళ్ళు గోషా ఆసుపత్రి అనే కస్తూర్బా గాంధీ ఆసుపత్రి ఉంది. క్యూ పొడుగే, పొద్దున్నే వెళ్ళాలి. వాడుతున్న కషాయాలు, అరిష్టాలు అన్నీ డాక్టర్‌కి చెప్పండి, తిడతారని దాచకండి.

అక్కడ ఉన్న దారులు తెలిసి ఉంటే టెన్షన్ తగ్గుతుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ బ్లీడింగ్ ఉన్న నాలుగైదు రోజులే వేసుకునే మాత్ర, హార్మోన్ కాదు. కాళ్ళలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు ఇవ్వరు. మెఫెనామిక్ యాసిడ్ నొప్పినీ బ్లీడింగ్‌నూ రెంటినీ తగ్గిస్తుంది. హార్మోన్ మాత్రలు ఉన్నాయి. గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, చాలామందికి బ్లీడింగ్ దాదాపు ఆగిపోతుంది. ఫైబ్రాయిడ్ మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే మన ఊళ్ళలో ఒక పాడు అలవాటు ఉంది. బ్లీడింగ్ అనగానే "పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించేసుకో, పీడ పోతుంది" అనేస్తారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశమంతటిలోకీ ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ, 15-49 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 9 శాతం. తర్వాతి స్థానం తెలంగాణది. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకే. ముప్పై ఐదేళ్ళకే ఆ ఆపరేషన్ అయినవాళ్ళు మీ బంధువుల్లోనే ఉంటారు. కొందరికి అది నిజంగా అవసరమే. కానీ పైన చెప్పినవి ఒక్కటీ చూడకుండా నేరుగా ఆపరేషన్ అంటే, రిపోర్టులు తీసుకుని ఇంకో డాక్టర్‌కి చూపించండి. ఊరికి వెళ్ళినప్పుడు అక్కడే చేయించేద్దామని ఇంట్లోవాళ్ళు తొందరపెట్టినా ఈ రెండో అభిప్రాయం తీసుకున్నాకే సంతకం పెట్టండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: చివరి మూడు నెలసరుల తేదీలు, మార్కులు, ఎన్ని రోజులు సాగింది, గడ్డల సైజు, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, వాడిన మందుల పేర్లు, ఇంట్లో అమ్మకు గానీ అక్కాచెల్లెళ్ళకు గానీ ఇదే సమస్య ఉందా అన్నది. తమిళం ధారాళంగా రాకపోయినా ఆ కాగితం చేతికిస్తే సగం మాటలు అక్కర్లేదు. బ్లీడింగ్ తగ్గి హిమోగ్లోబిన్ 12 దాటిందని ఐరన్ మాత్ర వెంటనే ఆపేయకండి, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత మళ్ళీ ఒకసారి ఫెరిటిన్ చూపించుకుని, డాక్టర్ చెప్పాక ఆపండి.